కామెర్ల టీకాకి మూడు వేలా? – ఒక కోశాధికారి లెక్క

 

25వ తేదీ ఆదివారం మన సర్వసభ్య సమావేశం. ఎజెండాలో నాలుగో అంశం చూసే ఉంటారు: "పిల్లలకు, యువతకు హెపటైటిస్ ఏ టీకా – సంఘం నిధి నుంచి సాయం." అది గ్రూపులో పెట్టిన గంటలోపే నాకు ఏడు ఫోన్లు వచ్చాయి. "మేడ మీద హాలు కోసం దాచిన డబ్బు సూదులకి ఖర్చు పెడతావా?" అని ఒకరు. "మా పిల్లలకి పుట్టినప్పుడే కామెర్ల టీకా వేశారు కదా" అని ఇంకొకరు. "మీ అమ్మాయికి వచ్చిందని సంఘం మీద రుద్దుతున్నావు" అని ఒక పెద్దాయన. ఆయన నన్ను చిన్నప్పట్నుంచీ ఎరుగుదురు, అనే హక్కు ఉంది.

ముగ్గురికీ జవాబు ఉంది. దాంతోపాటు నేను చెప్పాల్సిన, ఇన్నాళ్లూ చెప్పని సంగతి కూడా ఒకటి ఉంది. సమావేశంలో లేచి చెప్పడానికి నోరు పెగలదేమోనని ముందుగానే రాస్తున్నాను. నా పోస్టులు ఎప్పుడూ పొడుగే. ఇది ఇంకాస్త పొడుగు. ఓటు వేసే ముందు ఓపిక పట్టి చదవండి.

ముందు మా ఇంటి సంగతి.

2010లో మా అమ్మాయికి అయిదేళ్లు. జలుబు చేస్తే పిల్లల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన టీకాల కార్డు చూసి, "గవర్నమెంటు టీకాలన్నీ పడ్డాయి, బాగుంది. హెపటైటిస్ ఏ ఒకటి వేయించండి, ఆరు నెలల తేడాతో రెండు డోసులు" అన్నారు. రెండూ కలిపి రెండు వేల పైమాటే. నేను కార్డు చూపించి, "హెపటైటిస్ అని ఇక్కడ టిక్కు ఉంది కదండీ" అన్నాను. "అది బి అండీ. ఇది ఏ. రెండూ వేరు" అన్నారు. బయటికొచ్చాక మా ఆవిడతో, "ఏ అంటారు, బి అంటారు, జడ్ దాకా ఉంటాయి వీళ్లకి. మనమంతా ఏ టీకా వేయించుకుని పెరిగాం?" అన్నాను. ఆ వారమే అమ్మాయి పుట్టినరోజు. కేకు, భోజనాలు, బెలూన్లు అన్నీ కలిపి ఆరు వేలు అయింది. అది మాత్రం ఖర్చు అనిపించలేదు.

ఈ ఉగాది, 2024 ఏప్రిల్ 9, మీ అందరికీ గుర్తుంది. మన పిల్లల నృత్యం చూసి బరంపురంలో మన సంఘం పేరు నిలబెట్టారని అందరూ మెచ్చుకున్నారు. మార్చి 20 నుంచి రోజూ సాయంత్రం మన భవనంలోనే రిహార్సల్. 22 మంది పిల్లలు. మా అమ్మాయి, 19 ఏళ్లది, ఇంజనీరింగు రెండో సంవత్సరం, చిన్నపిల్లలకి స్టెప్పులు నేర్పించింది.

ఏప్రిల్ 29న దానికి జ్వరం. అన్నం వాసన వస్తేనే వాంతి. ఎండదెబ్బ అనుకున్నాం. మే 3న మా ఆవిడ అద్దం ముందు నిలబెట్టి కళ్లు చూపించింది. తెల్లగుడ్డు పసుపు ముద్దలా ఉంది. అప్పుడు కూడా నేను డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. మా అత్తగారు చెప్పిన చోటికి, ఇచ్ఛాపురం దాటి ఒక పల్లెకి వెళ్లి పసరు పోయించాను. రెండు రోజులు ఆగి మళ్లీ వెళ్లాను. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పులో పసుపు లేదు. చప్పిడి అన్నం, చెరకురసం. ఆ చెరకురసం ఏ నీళ్లతో, ఏ ఐసుతో చేశారో అడగలేదు.

మే 8 పొద్దున్నకి మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. అప్పుడు ఆసుపత్రి. రక్తం పరీక్షలో హెపటైటిస్ ఏ అని తేలింది. డాక్టరమ్మ గారు ఒకే మాట చెప్పారు: "ఈ జబ్బుకి మందు లేదు. శరీరమే తగ్గించుకుంటుంది. వందలో తొంభై తొమ్మిది మందికి పైగా తగ్గిపోతుంది. కానీ మీ అమ్మాయి రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతోంది. లివరు అలిసిపోతోందని గుర్తు. రాత్రి మాట తడబడినా, మగతగా ఉన్నా వెంటనే నర్సుని పిలవండి. భువనేశ్వర్‌కో విశాఖకో తీసుకెళ్లాల్సి రావచ్చు."

ఆ రెండు రాత్రులు నేను, మా ఆవిడ వంతులవారీగా కూర్చుని గంటకోసారి దాన్ని లేపి పేరు అడిగాం. తేదీ అడిగాం. మూడోసారి లేపినప్పుడు, "నాన్నా, పేరు నువ్వే పెట్టావు కదా, మర్చిపోయావా" అంది. నవ్వొచ్చింది. బయటికెళ్లి ఏడ్చాను.

మూడో రోజు నుంచి తేరుకుంది. 13న ఇంటికొచ్చింది. పూర్తిగా మనిషి అవడానికి జులై దాటింది. రెండు పరీక్షలు పోయాయి, వచ్చే ఏడాది మళ్లీ రాయాలి. హైదరాబాదులో వచ్చిన ఇంటర్న్‌షిప్ పోయింది. వాటికి నేను విలువ కట్టలేను. కట్టగలిగినవి ఇవి:

పసరుకి, రాను పోను ఖర్చులకి: 600
పరీక్షలు, స్కానింగు: 9,400
ఆసుపత్రిలో అయిదు రోజులు: 38,600
ఇంటికొచ్చాక మందులు: 4,200
ఆటోలు, మా తిండి: 3,500
కొట్టు మూసిన రోజుల నష్టం, సుమారు: 18,000
మొత్తం: 74,300 రూపాయలు.

రిహార్సల్‌కి వచ్చిన పిల్లల్లో ఇంకో ఇద్దరికి కూడా అదే పక్షంలో కామెర్లు వచ్చాయి. వాళ్లకి ఆసుపత్రి అవసరం ఎక్కువ పడలేదు. ఒకరికి 21,000, ఒకరికి 32,000 అయిందని వాళ్ల నాన్నలు చెప్పారు. మూడు ఇళ్లూ కలిపితే 1,27,300.

ఇప్పుడు టీకా లెక్క. నేను మూడు మందుల కొట్లలో అడిగాను. కంపెనీని బట్టి డోసు 1,400 నుంచి 2,300 దాకా చెప్పారు. రెండు డోసులు కావాలి, మధ్య కనీసం ఆరు నెలలు. ఒకే డోసుతో సరిపోయే రకం కూడా ఉంది, అది బతికున్న వైరసును బలహీనపరిచి చేసేది, రెండు వేల చుట్టూ ఉందన్నారు. 2024 జనవరిలో హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ వాళ్లు హేవిష్యూర్ అని, మన దేశంలోనే అభివృద్ధి చేసిన మొదటి హెపటైటిస్ ఏ టీకా విడుదల చేశారు. అంతవరకూ బయటి దేశాల సరుకు మీదే ఆధారపడ్డాం, పోటీ పెరిగితే ధర దిగుతుందని ఆశ. ఎక్కువమందికి ఒకేసారి తీసుకుంటే డోసు 1,500 చొప్పున ఇస్తానని ఒక డీలరు చెప్పాడు. అంటే మనిషికి 3,000.

రిహార్సల్‌కి వచ్చిన 22 మందికీ ముందే వేయించి ఉంటే 66,000. మూడు ఇళ్ల వైద్యానికి అయింది 1,27,300. లెక్క తేలిపోయింది అనుకోకండి. నేను కోశాధికారిని, ఒక వైపు అంకెలే చూపిస్తే మోసం అవుతుంది. టీకా వేయించని ప్రతివారికీ జబ్బు రాదు. ఊళ్లో వెయ్యిమందికి వేయిస్తే వెయ్యిమందికీ 74 వేలు మిగిలిపోవు. చాలామందికి ఆ మూడు వేలు "ఉత్తినే" పోయినట్టే కనపడుతుంది. ఇంటికి తాళం వేసుకుని పెళ్లికి వెళ్లొచ్చాం, దొంగ రాలేదు, తాళం డబ్బులు దండగ అని ఎవరూ అనరు కదా. అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

"పుట్టినప్పుడే వేశారు కదా." వేసింది హెపటైటిస్ బి. అది రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకి, సూదుల ద్వారా వస్తుంది. ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోయి లివరును పాడుచేయగలదు. అందుకే ప్రభుత్వం దాన్ని ఉచిత టీకాల్లో పెట్టింది. ఏ అనేది మలం కలిసిన నీళ్ల నుంచి, తిండి నుంచి, కడగని చేతుల నుంచి నోట్లోకి వెళ్తుంది. ఒంట్లో శాశ్వతంగా ఉండిపోదు. ఒకసారి వస్తే జన్మలో మళ్లీ రాదు. ఇది ఉచిత టీకాల జాబితాలో లేదు. 2016లో రోటావైరస్ టీకా మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో మన ఒడిశా ఉంది, ఆంధ్రా ఉంది. అది ఉచితం. ఇది మాత్రం ఇంకా జేబులోంచే.

"మనమంతా ఏ టీకా వేయించుకుని పెరిగాం?" ఇది నా ప్రశ్న కూడా. దీనికి డాక్టరమ్మ గారు చెప్పిన జవాబు నా కళ్లు తెరిపించింది. మనం వేయించుకోలేదు, నిజమే. మనకి వచ్చి పోయింది. ఆరేళ్ల లోపు పిల్లలకి ఈ వైరసు సోకితే ఎక్కువమందికి కళ్లు పచ్చబడవు. రెండు రోజుల జ్వరం, విరేచనాలు, అంతే. బావి నీళ్లు, కాలవ నీళ్లు తాగి పెరిగిన మన తరంలో దాదాపు అందరికీ తెలియకుండానే వచ్చి, తెలియకుండానే రక్షణ మిగిల్చి వెళ్లింది. మన పిల్లలకి ఫిల్టరు నీళ్లు, ఇంట్లో మరుగుదొడ్డి. మంచిదే. కానీ చిన్నప్పుడు సోకకుండా తప్పించుకుని, పద్దెనిమిదేళ్లకి హాస్టలు నీళ్లు తాగుతారు, గుప్‌చుప్ బండి దగ్గర నిలబడతారు. పెద్ద వయసులో సోకితే పదిమందిలో ఏడుగురికి పైగా కామెర్లు వస్తాయి. వయసు పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 2024 వేసవిలో కేరళలో ఎర్నాకుళం, మలప్పురం జిల్లాల్లో ఇదే కామెర్లు ప్రబలాయి. అక్కడ పరిశుభ్రత తక్కువ అని ఎవరూ అనలేరు. మనం పిల్లల్ని శుభ్రంగా పెంచాం, సగం పని చేసి ఆపేశాం. మిగతా సగం టీకా.

"పసరుతో మా తమ్ముడికి తగ్గింది." తగ్గే ఉంటుంది. పసరు పోయకపోయినా తగ్గేది. తనంతట తగ్గే జబ్బుకి ఎవరు వైద్యం చేసినా వాళ్లకే పేరు. సున్నపునీళ్లలో చేతులు కడిగిస్తే పసుపు దిగడం, మెడలో వేసిన దండ పొడుగైపోవడం మీరూ చూశారు, నేనూ చూశాను. చేతికి ముందు మామిడి బెరడు రసం రాస్తే, ఏ జబ్బూ లేనివాడు కడిగినా సున్నం నీళ్లు పచ్చబడతాయి. పసరు వేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. నేను పోగొట్టుకున్న నాలుగు రోజుల మీద కోపం. ఉప్పూ నూనే మానిపించి, అసలే తినలేని పిల్లని ఇంకా నీరసపెట్టినందుకు డాక్టరమ్మ గారు నన్ను గట్టిగానే కోప్పడ్డారు.

ఇంతవరకూ రాయడం తేలిక. ఇకమీద రాసేది కష్టం.

మే మొదటివారంలో ముగ్గురు పిల్లలకి కామెర్లు అని తెలియగానే మన గ్రూపులో ఏం నడిచిందో మీకు తెలుసు. "ఉగాది భోజనం" అన్నారు. "పులిహోర" అన్నారు. "వంటాయన చేతులు" అన్నారు. ఎవరన్నారో వెతకక్కర్లేదు. మొదట అన్నది నేనే. ఆసుపత్రి వరండాలో కూర్చుని, రాత్రి రెండు గంటలకి, ఎవరో ఒకరి మీద పడాలి కదా అని, మన వంట పెద్దాయన పేరు రాశాను. ఇరవై ఏళ్లుగా మన ఉగాదికి, శ్రీరామనవమికి, కార్తీక వనభోజనాలకి వండుతున్న మనిషి. మా పెళ్లికి వండినది కూడా ఆయనే.

ఆయనకి ఎవరో ఆ మెసేజి చదివి వినిపించారు. మే 20న మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే నిలబడి, "బాబూ, పాప ఎలాగున్నాది?" అని అడిగాడు. తరవాత, "నానేటి సేసినాను బాబూ? నా సేతి కూడు తిని పిల్ల పడిపోనాదంటే నాను బతకగల్నా? నా రగతం తీయించండి. నాకున్నాదని తేలితే గరిటి ముట్టను" అన్నాడు.

నేను తీయించలేదు. ఆయనే వెళ్లి తీయించుకున్నాడు. రెండు పరీక్షలు, 1,700 రూపాయలు, తన సొంత డబ్బు. మే 25న కాగితం తెచ్చి నా చేతికిచ్చాడు.

ఆ కాగితంలో ఏముందో డాక్టరమ్మ గారిని అడిగి తెలుసుకున్నాను. ఈమధ్య కాలంలో సోకితే కనపడేది ఐజీఎం. అది సోకాక మూడు నుంచి ఆరు నెలలు రక్తంలో ఉంటుంది. ఆయనకి అది లేదు. ఎప్పుడో సోకి రక్షణ వచ్చినవాళ్లకి ఉండేది ఐజీజీ. ఆయనకి అది ఉంది. అంటే ఈ ఉగాదికి ఆయన ఒంట్లో ఈ వైరసు లేదు, ఉండే వీలూ లేదు. ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో చెరువు నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఆయనకి ఎప్పుడో చిన్నప్పుడే వచ్చి పోయింది. ఆ ఉగాదినాడు హాల్లో ఉన్నవాళ్లలో ఈ జబ్బు అసలు రాదని గట్టిగా చెప్పగలిగినవాళ్లలో ఆయన ఒకడు.

ఆ కాగితం నేను గ్రూపులో పెట్టలేదు. కమిటీకి చెప్పలేదు. మా బీరువాలో పదకొండు వారాలు ఉంది. ఈలోపు మన సభ్యుల ఇళ్లలోనే రెండు పెళ్లిళ్ల వంట ఆయన చేతిలోంచి పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

ఎందుకు దాచానో కూడా చెప్తాను. వంటాయన కాకపోతే మరి ఎక్కడిది అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు నా సంతకం దగ్గరికి వస్తుందేమోనని భయం.

మన భవనం కింద నీళ్ల సంపు ఉంది. కడిగించాలని నిరుడు జనవరిలో కమిటీలో అనుకున్నాం. కొటేషను 4,500. బిల్లు నా దగ్గరికి వస్తే, "హాలు పని మొదలయ్యాక కలిపి చేయిద్దాం" అని రాసి సంతకం పెట్టి వాయిదా వేశాను. అది మార్చి దాటింది, ఆ ఏడాది ఠాకురాణి యాత్ర దాటింది, దసరా దాటింది, ఈ ఉగాదీ వచ్చింది. రిహార్సల్ జరిగిన ఇరవై రోజులూ పిల్లలు ఆ సంపు నీళ్లే తాగారు. ఫిల్టరు పాడై ఉంది. ఇంకో మాట, కోవిడ్ తరవాత మనం వాష్ బేసిన్ దగ్గర సబ్బు తీసేసి శానిటైజరు సీసా పెట్టాం, గొప్పగా ఫొటో కూడా తీసుకున్నాం. ఈ వైరసు శానిటైజరుకి సరిగ్గా చావదట. సబ్బు పెట్టి నీళ్లతో కడుక్కోవడమే మేలు.

జూన్‌లో, ఎవరికీ చెప్పకుండా, ఆ నీళ్లు పరీక్షకి ఇచ్చాను. కోలిఫాం బ్యాక్టీరియా ఉందని వచ్చింది. అంటే మురుగు ఎక్కడో కలుస్తోందని అర్థం. జులైలో మనిషిని పెట్టి చూపిస్తే, సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే పైపు సంపు గోడకి మూడడుగుల దూరంలో పగిలి ఉంది. అప్పుడు బాగు చేయించాను, సంపు కడిగించాను. మీరు "మంచి పని చేశావు" అన్నారు. నేను తలూపాను.

ముగ్గురు పిల్లలకి ఆ నీళ్ల వల్లే వచ్చిందా? రుజువు లేదు, ఇక దొరకదు. ఈ జబ్బు సోకిన పదిహేను రోజుల నుంచి యాభై రోజుల మధ్య ఎప్పుడైనా బయటపడుతుంది. నెల కిందట ఏ రోజు ఏ బండి దగ్గర ఏం తిన్నారో పిల్లలకే గుర్తులేదు. రిహార్సల్ అయ్యాక ముగ్గురూ కలిసి గిరి మార్కెట్ వైపు వెళ్లి చిరుతిళ్లు కూడా తిన్నారట. కాబట్టి సంపే అని తేల్చి చెప్పలేను. అయితే ఏ రుజువూ లేకుండా వంటాయన మీద తేల్చేసిన నోరు నాదే. సంపు దగ్గరికొచ్చేసరికి రుజువు కావాలనడం నాకు తగదు.

పోయిన ఆదివారం ఆయన ఇంటికి వెళ్లాను. కాగితం తిరిగి ఇచ్చాను. 1,700 కవరులో పెట్టి ఇచ్చాను. జరిగింది చెప్పి క్షమించమన్నాను. కవరు తీసుకోలేదు. "డబ్బుల మాట కాదు బాబూ. పేరు పోనాది. పేరు మీరే తెచ్చీయాల" అన్నాడు. ఈ పోస్టు అందుకే. చదివినవాళ్లు, చదవనివాళ్లకి చెప్పండి. ఆ రెండు పెళ్లిళ్లవాళ్లకి నేను స్వయంగా వెళ్లి చెప్పి వచ్చాను.

ఇక నాలుగో అంశం. నేను పెడుతున్న లెక్క ఇది.

మన 112 కుటుంబాల్లో ఏడాది నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లు 138 మంది. ఫోన్లు చేసి కనుక్కుంటే 117 మందికి ఈ టీకా పడలేదు. 71 మంది ఇళ్లవాళ్లు పూర్తి ఖర్చు తామే పెట్టుకుంటామన్నారు. మిగిలిన 46 మందికి సంఘం సగం భరిస్తుంది: 69,000. మన దగ్గర పనిచేసే వాచ్‌మన్, ఊడ్చే ఆవిడ, వంట సహాయకులు, వాళ్ల పిల్లలు 14 మంది. వాళ్లకి మొత్తం సంఘమే: 42,000. ఏడాదికి మూడుసార్లు సంపు కడిగించి, క్లోరిన్ వేయించి, నీళ్లు చూపించడానికి 13,500. అన్నీ కలిపి 1,24,500. హాలు నిధిలో 6,20,000 ఉంది. మేడ ఇంకో ఏడాది ఆలస్యమవుతుంది. అవనీయండి.

చివరి పద్దు తీసేద్దాం, టీకా వేయిస్తున్నాం కదా అని ఎవరైనా అనవచ్చు. తీయకూడదు. ఈ టీకా హెపటైటిస్ ఏ ఒక్కదాన్నే ఆపుతుంది. నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఇ, టైఫాయిడ్, కలరా దీనికి ఆగవు. శుభ్రమైన నీళ్లకి టీకా బదులు కాదు. అసలు ఈ పోస్టులో ఉన్న చిన్న ఖర్చుల్లో ఒకటి నేను వాయిదా వేసిన ఆ 4,500.

టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మనం డబ్బా తెచ్చి ఎవరిచేతనో పొడిపించే పని కాదు. డాక్టరు గారి పర్యవేక్షణలోనే వేయిస్తాం. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు బతికున్న వైరసు రకం వేయించుకోకూడదు, ముందే చెప్పాలి. నలభై దాటినవాళ్లలో ఎక్కువమందికి రక్షణ ఉండే ఉంటుంది. వాళ్లు కావాలంటే ముందు ఐజీజీ పరీక్ష చేయించుకోవచ్చు. లివరు జబ్బు ఉన్నవాళ్లు, హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్లు మాత్రం వయసుతో పని లేకుండా డాక్టరుని అడగాలి. ఇంకోటి, ఇంట్లో ఒకరికి వస్తే, మిగతావాళ్లకి సోకే అవకాశం కలిగిన రెండు వారాల లోపు టీకా వేస్తే ఆపే వీలుంది. మా చిన్నవాడికి పన్నెండేళ్లు. అక్క ఆసుపత్రిలో ఉండగానే డాక్టరమ్మ గారు వాడికి వేయించారు. వాడికి రాలేదు. ఆ రోజు ధర ఎంతని నేను అడగలేదు.

మన పూర్వులు రాజమండ్రి వైపు నుంచి మగ్గాలు తెచ్చుకుని ఈ ఊళ్లో దిగారని చెప్పుకుంటాం. ఠాకురాణి అమ్మవారిని పుట్టింటికి తెచ్చుకుని ఘటాలెత్తే ఊరు ఇది. మశూచి రోజుల్లో మన తాతలు అమ్మవారికి మొక్కారు, చేయి చాపి టీకా కూడా పొడిపించుకున్నారు. ఆ మచ్చ మా నాన్న భుజం మీద చూశాను. రెండిటికీ పేచీ ఉందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. 1975 తరవాత మన దేశంలో మశూచి సోకినవాళ్లు లేరు.

ఆదివారం వచ్చి మీకు తోచినట్టు ఓటు వేయండి. నాలుగో అంశం ఓడిపోయినా నాకు బాధ లేదు, మీ పిల్లల డాక్టరుని ఒకసారి అడిగితే చాలు. అయిదో అంశం ఎజెండాలో లేదు, నేనే పెడుతున్నాను: ఈ సంవత్సరానికి కోశాధికారిగా నన్ను ఉంచాలా వద్దా అని. అది కూడా చేతులెత్తి చెప్పండి.

సెప్టెంబరు 7 వినాయక చవితి. వంట పెద్దాయన ముందు రానన్నాడు. నిన్న మా అమ్మాయి వెళ్లి అడిగింది. "నువ్వొచ్చి గిన్ని దగ్గిర నిలబడతానంటే వత్తాను పాపా" అన్నాడట. నిలబడుతుంది. వాష్ బేసిన్ దగ్గర సబ్బు కూడా ఉంటుంది.

ఇట్లు,
మీ కోశాధికారి